కన్సల్టెంటా, పర్మనెంటు మనిషా? బెంగళూరులో చిన్న కంపెనీ ప్రాజెక్టు పెట్టుకునే ముందు చేయాల్సిన పనులు

పీణ్యలో నలభై మందితో నడిచే మెషీన్ పార్టుల కంపెనీ ఒకటి ఉందనుకుందాం. అకౌంట్లు ట్యాలీలో, స్టాకు ఎక్సెల్లో, ప్రొడక్షన్ లెక్క సూపర్‌వైజరు జేబులో ఉండే డైరీలో. వీటన్నిటినీ ఒక ఈఆర్పీలోకి, అంటే కంపెనీ లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరులోకి తేవాలి. పని అయిదు నెలలది. తెలిసిన కన్సల్టెంటును పెట్టుకోవాలా, జీతానికి మనిషిని తీసుకోవాలా?

చాలామంది ఇక్కడ "ఎవరు చవక?" అని మొదలుపెడతారు. ఆ లెక్క వేయాల్సిందే, కానీ అది రెండో అడుగు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ప్రాజెక్టు అయిపోయాక దాని ఆనుపానులు తెలిసిన మనిషి మీ గేటు లోపల ఉండాలా, ఫోను చేస్తే దొరికితే చాలా? ఈ ఒక్కటి తేలితే మిగతావన్నీ కాగితాల పని. తేలకపోతే ఎంత చవకగా కుదిరినా రెండుసార్లు డబ్బు కడతారు.

ఈఆర్పీ ఉదాహరణనే చివరిదాకా పట్టుకుని వెళ్దాం. మీది సాఫ్ట్‌వేరు యాప్ అయినా, కొత్త ప్లాంటు లేఅవుట్ అయినా, ఐఎస్ఓ సర్టిఫికేషన్ అయినా పద్ధతి ఇదే.

1. పనిని ముక్కలు చేసి ఒక షీటు మీద రాయండి

"ఈఆర్పీ పెట్టాలి" అనేది ఒక పని కాదు, పది పనులు. ఒక్కో వరుసలో ఒక్కో ముక్క రాసి, ఎదురుగా నాలుగు సంగతులు నింపండి: ఎన్ని రోజులు పడుతుంది, మళ్ళీ ఎప్పుడు చేయాల్సి వస్తుంది, తెలిసినవాళ్ళు మన దగ్గర ఎవరు, ఇది ఆగిపోతే ఫ్యాక్టరీలో ఏం ఆగుతుంది.

మన ఉదాహరణలో సాఫ్ట్‌వేరు ఎంపిక, పర్చేజ్ నుంచి డిస్పాచ్ దాకా ప్రాసెస్ రాసుకోవడం, సెటప్, పాత డేటా ఎక్కించడం, రిపోర్టులు తయారుచేయడం వంటివి ఒకసారి చేసే పనులు. వీటికి నేర్పు కావాలి, పదిచోట్ల చేసిన అనుభవం కావాలి. అవి కన్సల్టెంటు ముక్కలు. రోజూ ఎంట్రీలు సరిచూడటం, కొత్త ఐటెం కోడ్లు ఇవ్వడం, "అన్నా, జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే రసీదు) పడట్లేదు" అని స్టోర్సు నుంచి పిలిస్తే పరుగెత్తడం రోజూ ఉండే పనులు. ఇవి పర్మనెంటు మనిషివి.

మోసం చేసేది ఈ రెండిటి మధ్య పడే ముక్క. ఐటెం మాస్టరును, అంటే వస్తువులన్నిటి పేర్లు, కోడ్ల జాబితాను శుభ్రం చేయడమే తీసుకోండి. పాత ఎక్సెల్లో ఒక బేరింగు "6205", "6205 జెడ్‌జెడ్", "బేరింగ్ 6205", "6205 2ఆర్ఎస్" అని నాలుగు వరుసల్లో ఉంటుంది. బయటినుంచి వచ్చినవాడికి నాలుగూ ఒకటే అనిపించి కలిపేస్తాడు. స్టోర్‌కీపరుకు తెలుసు: జెడ్‌జెడ్ అంటే రెండువైపులా రేకు మూత, 2ఆర్ఎస్ అంటే రెండువైపులా రబ్బరు సీలు. కూలెంటు చిమ్మే మెషీనుకు రేకు మూత బేరింగు వేస్తే లోపలికి నీళ్ళు పోయి త్వరగా పాడవుతుంది. ఉత్త "6205" అని రాసింది ఏ రకమో బిన్ను (సరుకు ఉంచే డబ్బా) తెరిచి చూస్తే తప్ప స్టోర్‌కీపరుకూ తెలియదు. ఇలాంటి పనిని కన్సల్టెంటుకు గంపగుత్తగా ఇచ్చారో, గో లైవ్ అయిన, అంటే కొత్త సిస్టం మీద అసలు పని మొదలైన రెండో వారంలో స్టాకు తేడాలు మొదలవుతాయి. అతను ఫార్మాటు, కోడింగు పద్ధతి ఇవ్వాలి. వరుసలు తేల్చేది మీ మనిషి. షీటులో ఆ ముక్కకు రెండు పేర్లూ రాయండి.

ఇక మూడో రకం ఒకటుంది. ఏడాదిన్నర సాగి కచ్చితంగా ముగిసే పని, రోజూ మీ కింద, మీ టైములో చేయాల్సిన పని. దానికి కన్సల్టెంటు అనే పేరు అతకదు, పర్మనెంటు అక్కర్లేదు. నిర్ణీత కాలపు ఉద్యోగం, అంటే ఫిక్స్‌డ్ టర్మ్, దానికి సరైన దారి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఇలాంటి ఉద్యోగికి పర్మనెంటు వాళ్ళతో సమానంగా సౌకర్యాలు ఇవ్వాలి, ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ కూడా లెక్కగట్టాలి. పర్మనెంటు ఉద్యోగికైతే మామూలుగా అయిదేళ్ళు. చిన్న కంపెనీలు ఈ దారిని పెద్దగా వాడుకోవడం లేదు, వాడుకుంటే సగం తలనొప్పులు ఉండవు.

2. లెక్క రోజుల్లో వేయండి, నెలల్లో కాదు

నెల జీతాన్నీ నెల ఫీజునూ పక్కపక్కన పెడితే కన్సల్టెంటు ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తాడు. జీతం వెనక దాక్కున్న ఖర్చు బయటికి తీసి, పనికొచ్చే రోజులతో భాగించాలి.

ఏడాదికి 18 లక్షల సీటీసీ (జీతం, సౌకర్యాలు కలిపి కంపెనీకి పడే ఖర్చు) మనిషిని తీసుకున్నారనుకోండి. పీఎఫ్, గ్రాట్యుటీ అందులోనే ఉన్నాయనుకుందాం. రిక్రూట్‌మెంటు ఏజెన్సీకి 8.33 శాతం, అంటే ఒక నెల సీటీసీ, లక్షన్నర. 80 వేల ల్యాప్‌టాప్‌ను మూడేళ్ళకు పంచితే ఏడాదికి దాదాపు 27 వేలు. కూర్చునే చోటుకు నెలకు 10 వేల చొప్పున లక్షా 20 వేలు. గ్రూపు ఆరోగ్య బీమాకు 20 వేలు వేసుకోండి. మొత్తం 21 లక్షల 17 వేలు. శని ఆదివారాలు, పండుగలు, లీవులు పోను అతను పనిచేసేది దాదాపు 230 రోజులు. రోజుకు 9,200 పడింది.

అదే పని తెలిసిన కన్సల్టెంటు రోజుకు 12 వేలు అడిగితే, 21.17 లక్షలను 12 వేలతో భాగించండి: 176 రోజులు. నెలకు 20 రోజులైతే తొమ్మిది నెలలకు కాస్త తక్కువ. ఏడాదిలో అంతకంటే తక్కువ రోజులు అవసరమైతే కన్సల్టెంటే చవక. మన ఈఆర్పీకి కావాల్సింది అయిదు నెలల్లో వారానికి రెండు మూడు రోజులు, అంటే యాభై అరవై రోజులు. అనుమానమే లేదు.

ఒక మెలిక ఉంది. కన్సల్టెంటు జీఎస్టీ వేస్తే 18 శాతం కలుస్తుంది. మీరు అమ్మే సరుకు మీద జీఎస్టీ కడుతుంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, లెక్కలోకి రాదు. మీది బడి, ఆసుపత్రి లాంటి జీఎస్టీ మినహాయింపు వ్యాపారమైతే క్రెడిట్ రాదు, రోజు రేటు 14,160 అవుతుంది. అప్పుడు సమానమయ్యేది 150 రోజుల దగ్గర. మినహాయింపు సంస్థల వాళ్ళు ఈ ఒక్క వరుస మరిచిపోయి బడ్జెట్ దాటిపోతుంటారు.

తక్కువ జీతం మనిషైతే లెక్క ఇంకోలా ఉంటుంది. 20 వేల జీతానికి ఈఎస్ఐ యజమాని వాటా 3.25 శాతం, 650 రూపాయలు. పీఎఫ్ 15 వేల పరిమితి మీదే కడితే 12 శాతం 1,800, దానిపై అడ్మిన్ ఛార్జీలు, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో వచ్చే జీవిత బీమా) కలిపి ఇంకో 150. నెలకు 2,600 అదనం. ఈ 2,600 మిగుల్చుకోవడానికే చాలామంది డేటా ఎంట్రీ కుర్రాడికి "కన్సల్టెంటు" అని పేరు పెడతారు. ఎంత తప్పో తర్వాతి అడుగులో చూద్దాం.

3. చట్టం పేరు చూడదు, పని తీరు చూస్తుంది

ఒప్పందం మీద "ఇది ఉద్యోగం కాదు" అని లావు అక్షరాల్లో రాసుకున్నా కోర్టు లోపలికి చూస్తుంది. 1956లో ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గుజరాత్ ఉప్పు మళ్ళలో పనిచేసే అగరియాలకు కంపెనీ జీతం ఇవ్వదు, పండిన ఉప్పును మణుగుల లెక్కన కొలిచి డబ్బిస్తుంది. వాళ్ళు కావాలంటే సొంతంగా కూలీలనూ పెట్టుకోవచ్చు. అయినా మడి కట్టడం నుంచి ఉప్పు తీయడం దాకా ప్రతి దశలో కంపెనీ మనుషులు దగ్గరుండి చెబుతున్నారు కాబట్టి వాళ్ళు కార్మికులేనని కోర్టు తేల్చింది. 2014లో బల్వంత్ రాయ్ సలూజా కేసులో చూడాల్సినవి వరుసగా చెప్పింది: ఎవరు నియమించారు, ఎవరు డబ్బిస్తున్నారు, ఎవరు తీసేయగలరు, ఎవరు క్రమశిక్షణ చర్య తీసుకోగలరు, పని ఎడతెగకుండా సాగుతోందా, అదుపు ఎవరిది.

మీ కన్సల్టెంటు బయోమెట్రిక్‌లో వేలు పెడుతున్నాడా? లీవు కావాలంటే మీ పర్మిషన్ అడుగుతున్నాడా? ప్రతి నెలా ఒకే మొత్తం, ఒకటో తారీఖున? విజిటింగ్ కార్డు మీద "మేనేజర్" అని ఉందా? దీపావళి బోనసు, ఏప్రిల్‌లో ఇంక్రిమెంటు? మూడేళ్ళుగా మీరు తప్ప వేరే క్లయింటు లేడా? వీటిలో రెండు మూడింటికి "అవును" అన్నా ఇబ్బందే, అన్నిటికీ అయితే అతను ఉద్యోగే.

పీఎఫ్ విచారణలో అలా తేలితే పాత బకాయి, దాని మీద 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు. అప్పుడు కోసుకోని ఉద్యోగి వాటాను ఇప్పుడు అతని దగ్గర వసూలు చేసుకునే వీలు దాదాపు ఉండదు, రెండు వాటాలూ మీ నెత్తినే. ఇరవై మంది, ఆపైన ఉంటే పీఎఫ్, పది మంది, ఆపైన ఉంటే ఈఎస్ఐ, గ్రాట్యుటీ వర్తిస్తాయి కాబట్టి, పద్దెనిమిది మంది ఉద్యోగులు, అయిదుగురు "కన్సల్టెంట్లు" ఉన్న కంపెనీల మీద చూపు ముందు పడుతుంది.

కన్సల్టెంటు అయినా వర్తించే చట్టం ఒకటుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013, ఉద్యోగి అనే మాటను చాలా వెడల్పుగా తీసుకుంది. తాత్కాలికం, కాంట్రాక్టు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళు అందరూ అందులోకి వస్తారు. ఈ ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీ వివరాలు వాళ్ళకూ చెప్పండి.

4. మనిషిని చూసేటప్పుడు

బెంగళూరులో కన్సల్టెంట్లకు కొదవ లేదు. కానీ వైట్‌ఫీల్డ్‌లో ఉండే మనిషి పీణ్యకు వారానికి మూడు రోజులు వస్తానంటే ఒకసారి ఆలోచించండి. ఇప్పుడు పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో మారి గ్రీన్ లైన్‌లో రావచ్చు, అయినా రానూపోనూ మూడు గంటలు అనుకోవాలి. ఏ రోజు షాపుఫ్లోరు మీద ఉండాలో, ఏ రోజు ఇంటినుంచో ముందే రాసుకోండి.

చూడాల్సినవి: పాన్ పనిచేస్తోందా, ఆధార్‌తో కలపకపోతే టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే కోసే పన్ను) 20 శాతం కోయాల్సి వస్తుంది. జీఎస్టీ నంబరు ఉంటే పోర్టల్‌లో వెతికి, యాక్టివ్‌గా ఉందో లేదో చూడండి. బ్యాంకు ఖాతా పేరు, బిల్లు మీది పేరు, పాన్ మీది పేరు ఒకటే కావాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే సర్టిఫికెట్ కాపీ తీసుకోండి, ఎందుకో ఆరో అడుగులో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యంగా అడగాల్సింది: "ఇప్పుడు మీరు ఎక్కడైనా ఉద్యోగంలో ఉన్నారా?" శని ఆదివారాల కన్సల్టెంట్లు ఈ ఊళ్ళో చాలామంది. అతని యజమానితో ఉన్న ఒప్పందంలో "ఉద్యోగంలో ఉండగా చేసిన పనంతా కంపెనీదే" అని ఉంటే, మీకోసం రాసిన కోడు మీద ఇంకో కంపెనీ హక్కు చెప్పుకునే చిక్కు వస్తుంది. వేరే ఉద్యోగం లేదని, లేదా యజమాని అనుమతి ఉందని, సంతకంతో రాయించుకోండి.

ఇక మన వాళ్ళ అలవాటు ఒకటి. మన ఊరి వాడు, మేనమామ కొడుకుతో చదువుకున్నాడు, అమీర్‌పేటలో కోర్సు చేసి మారతహళ్ళిలో రూములో ఉంటున్నాడు అని పెట్టుకోవడం. పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. "కాగితాలెందుకన్నా, మనలో మనకి" అన్న మాట మీద మాత్రం పెట్టుకోకండి. పని చెడితే చుట్టరికమూ చెడుతుంది.

5. ఒప్పందం: ఎక్కడ ఆదమరిస్తే ఎక్కడ నష్టం

రెండు కాగితాలు చేయండి. ఒకటి మూల ఒప్పందం: గోప్యత, హక్కులు, ముగింపు, వివాదాలు. ఇంకోటి వర్క్ ఆర్డరు: ఈ ప్రాజెక్టులో ఏం ఇవ్వాలి, ఎప్పటికి, ఎంతకు. రెండో ప్రాజెక్టు వస్తే వర్క్ ఆర్డరు మాత్రం మార్చితే చాలు. మూల ఒప్పందం ఈ-స్టాంపు మీద వేయించండి.

హక్కుల విషయంలో బోర్లా పడే కంపెనీలు ఎక్కువ. ఉద్యోగి పనిలో భాగంగా రాసిన కోడుకు, డ్రాయింగుకు, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైటు 1957 చట్టం సెక్షన్ 17 ప్రకారం యజమానిదే మొదటి హక్కు. కన్సల్టెంటు విషయంలో మొదటి హక్కు అతనిది. డబ్బు పూర్తిగా కట్టేసినా అంతే. రాతపూర్వకంగా, సంతకంతో మీకు బదిలీ చేస్తేనే మీది. "అన్ని హక్కులూ కంపెనీకి బదిలీ" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే సెక్షన్ 19 అడ్డొస్తుంది: కాలం రాయకపోతే అయిదేళ్ళకే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనుకుంటుంది, బదిలీ అయిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే వేరేలా రాసుకోనంతవరకు అది రద్దవుతుంది. అందుకే వాక్యం ఇలా ఉండాలి:

"ఈ వర్క్ ఆర్డరు కింద తయారైన సోర్స్ కోడు, డ్రాయింగులు, రిపోర్టులు, పత్రాల మీద ఉన్న కాపీరైటు మొత్తాన్ని, ప్రపంచమంతటికీ, కాపీరైటు ఉన్నంత కాలానికీ కంపెనీకి బదిలీ చేస్తున్నాను. సెక్షన్ 19(4) కింద రద్దు వర్తించదు. దీనికి ప్రతిఫలం ఈ ఆర్డరులోని ఫీజులోనే చేరి ఉంది."

ఇది తెలుగులో అర్థం కోసం. మీ ఒప్పందం ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి లాయరు చేత ఇదే భావం రాయించండి. కన్సల్టెంటు తన పాత ప్రాజెక్టుల కోడు ముక్కలు వాడితే, వాటిని వాడుకునే లైసెన్సు కూడా అడగండి.

"మా పోటీదారుడి దగ్గర రెండేళ్ళు పని చేయకూడదు" అనే షరతు మీద నమ్మకం పెట్టుకోకండి. ఒప్పందం ముగిశాక అలాంటి నిషేధం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద చెల్లదు. గోప్యత షరతు మాత్రం నిలబడుతుంది. ఏది రహస్యమో పేర్లతో రాయండి: కస్టమర్ల రేట్లు, డ్రాయింగులు, సప్లయర్ల జాబితా.

ఫీజు పంచుకునే తీరు. ఆరు లక్షల పని అనుకుంటే: మొదలుపెట్టగానే 10 శాతం, 60 వేలు. ప్రాసెస్ పత్రం మీద మీ సంతకం పడ్డాక 20 శాతం, లక్షా 20 వేలు. డేటా ఎక్కి, పాత పద్ధతీ కొత్తదీ ఒక నెల పక్కపక్కన నడిచాక 30 శాతం, లక్షా 80 వేలు. గో లైవ్‌కు 25 శాతం, లక్షన్నర. గో లైవ్ తర్వాత రెండు నెలాఖరులు సాఫీగా గడిచాక మిగిలిన 15 శాతం, 90 వేలు. ఆ చివరి 90 వేలను బేరంలో వదలకండి. ఈఆర్పీ అసలు రంగు మొదటి నెలాఖరు జీఎస్టీ రిటర్ను వేసేటప్పుడే బయటపడుతుంది, అప్పటికి కన్సల్టెంటు ఫోను ఎత్తాలి.

"పని పూర్తయింది" అంటే ఏమిటో కొలిచే మాటల్లో రాయండి. "స్టాకు మాడ్యూల్ సక్రమంగా పనిచేయాలి" అన్న మాటతో గొడవలే వస్తాయి. "స్టోర్సులో కంపెనీ ఎంచిన 100 ఐటెములను చేత్తో లెక్కిస్తే కనీసం 98 సిస్టం లెక్కతో సరిపోవాలి" అన్నదాని మీద గొడవపడటానికి చోటుండదు. లెక్క తప్పితే తప్పు ఎంట్రీదా సెటప్‌దా అని తేల్చేవారి పేరు కూడా అక్కడే ఉండాలి.

ముగింపుకు 15 రోజుల నోటీసు, ఆ రోజు వరకు అయిన పనికి లెక్క, ఫైళ్ళన్నీ అయిదు రోజుల్లో అప్పగింత, వివాదం వస్తే బెంగళూరులోనే. ఈ భాగం సాగదీయక్కర్లేదు.

6. బిల్లు, టీడీఎస్, జీఎస్టీ

లక్ష రూపాయల బిల్లు మీద 18 వేల జీఎస్టీ విడిగా చూపిస్తే టీడీఎస్ లక్ష మీదే, లక్షా 18 వేల మీద కాదు. వృత్తి సేవలకు 10 శాతం, కాబట్టి 10 వేలు కోసి లక్షా 8 వేలు కడతారు. కేవలం సాంకేతిక సేవ అయితే రేటు 2 శాతం. ఏది ఏ కోవలోకి వస్తుందో వాదనలు ఎప్పుడూ ఉంటాయి, మీ ఆడిటరు మాట తీసుకోండి. ఒకరికి ఏడాదిలో 50 వేలు దాటితేనే కోత మొదలవుతుంది, 2025 ఏప్రిల్ నుంచి ఈ పరిమితి. అందరి నోటా ఇంకా 194జె అనే పాత చట్టపు సెక్షన్ మాటే ఉంది, కానీ 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం నడుస్తోంది. అందులో ఇది సెక్షన్ 393 కిందికి, జీతాల కోత 392 కిందికి వెళ్ళాయి. చలానాలో, సాఫ్ట్‌వేరులో పాత నంబర్లు ఉండిపోకుండా చూసుకోండి.

కోసిన డబ్బు తర్వాతి నెల 7వ తేదీలోపు కట్టాలి, మార్చిదైతే ఏప్రిల్ 30. కోసి కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ.

కన్సల్టెంటు వార్షిక టర్నోవరు 20 లక్షల లోపైతే జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నంబరు లేనివాడు బిల్లు మీద 18 శాతం వేస్తే ఒప్పుకోకండి, ఆ డబ్బు ఎక్కడికీ చేరదు, మీకు క్రెడిట్ రాదు. నంబరున్నవాడి బిల్లు 180 రోజుల్లో కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కివ్వాలి.

ఉద్యం సర్టిఫికెట్ సంగతి ఇదీ. కన్సల్టెంటు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే, ఒప్పందంలో గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. మార్చి 31కి గడువు దాటి ఉన్న బాకీని ఆ ఏడాది ఖర్చుగా ఆదాయపు పన్నులో ఒప్పుకోరు, కట్టిన ఏడాదికే వస్తుంది. మార్చి రెండో వారంలో ఒకసారి కన్సల్టెంట్ల బకాయిలన్నీ తీసి చూడండి.

7. పని నడిచేటప్పుడు

సమయం మీద కాకుండా ఫలితం మీద అదుపు పెట్టుకోండి. వారానికి ఒక సమీక్ష, అరగంట చాలు: పోయిన వారం అనుకున్నది ఏది అయింది, ఏది ఆగింది, ఎవరి వల్ల. మూడోది రాసిపెట్టడం మరవకండి. ఆలస్యాల్లో సగం కంపెనీ వైపునుంచే వస్తాయి. అకౌంటెంటు డేటా ఇవ్వలేదు, యజమాని ప్రాసెస్ పత్రం మీద సంతకం పెట్టడానికి మూడు వారాలు తీసుకున్నాడు, చివరికి నింద కన్సల్టెంటు మీద.

తాళంచెవులు మాత్రం మొదటి రోజునుంచి మీవే కావాలి. సర్వరు అకౌంటు, డొమైను, కోడు దాచే రిపాజిటరీ, ఈఆర్పీ అడ్మిన్ లాగిన్ అన్నీ కంపెనీ ఈమెయిల్ మీద, కంపెనీ కార్డు మీద తెరవాలి. కన్సల్టెంటుకు వేరే యూజర్ ఇవ్వండి. తొందరలో అతనే తన జీమెయిల్‌తో తెరిచి, ఓటీపీ తన ఫోనుకు పెట్టుకుంటాడు. దురుద్దేశం ఉండక్కర్లేదు. ఏడాది తర్వాత సర్వరు రెన్యువల్ చేయబోతే ఓటీపీ అతనికి పోతుంది, అతనేమో నంబరు మార్చేసి ఉంటాడు. మొదటి వారంలోనే ఎవరి ఫోనుకు ఏ ఓటీపీ వస్తుందో ఒక జాబితా రాయండి.

8. పర్మనెంటు మనిషి వేట ముందే మొదలుపెట్టండి

గో లైవ్ అయ్యాక చూసుకుందాంలే అనుకుంటే ఆలస్యమే. ఈ ఊళ్ళో మూడు నెలల నోటీసు మామూలు మాట. ఆఫరు ఇచ్చినవాడు చేరేలోపు ఇంకో ఆఫరు తెచ్చుకోవడమూ మామూలే. ప్రాజెక్టు అయిదు నెలలైతే మొదటి నెలలోనే ఇంటర్వ్యూలు మొదలుపెట్టండి, మూడో నెలాఖరుకు మనిషి సీట్లో ఉండాలి. ఇంకా మంచిది, స్టోర్సులోనో అకౌంట్సులోనో చురుకైన మనిషిని ఎంచి తయారు చేసుకోవడం. ఈఆర్పీ నేర్చుకోవచ్చు, ఆ బిన్నులో ఏ బేరింగు ఉందో తెలియడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

అపాయింట్‌మెంటు లెటరు తప్పనిసరి. జీతం పంచేటప్పుడు, కొత్త కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ దాటినది కూడా వేతనంలోకే చేరుతుందని గుర్తుంచుకోండి, గ్రాట్యుటీ లెక్క దాన్ని బట్టి పెరుగుతుంది. కర్ణాటకలో 25 వేలు, ఆపైన జీతానికి ప్రొఫెషనల్ టాక్సు నెలకు 200, ఫిబ్రవరిలో 300 కోయాలి. కర్ణాటక షాపుల చట్టం వర్తించే సంస్థలో ఆరు నెలల సర్వీసు నిండిన ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం, ఒక నెల నోటీసు లేదా నెల జీతం ఉండాలి. ప్రొబేషన్‌లో మనిషి సంగతి తేల్చుకోవడానికి మీకున్న కాలం అది.

9. అప్పగింత: కన్సల్టెంటు చేతులు కట్టుకుని కూర్చోవాలి

మామూలు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, పని నేర్పి అప్పగించడం) అంటే కన్సల్టెంటు ప్రొజెక్టరు మీద చూపించడం, మీ వాళ్ళు తలూపడం. దానివల్ల ఎవరికీ ఏమీ రాదు. తిరగేయండి. మీ మనిషి కీబోర్డు దగ్గర కూర్చుని నెలాఖరు క్లోజింగు మొదటినుంచి చివరిదాకా చేయాలి, కన్సల్టెంటు వెనక కుర్చీలో ఉండాలి, అడిగితేనే నోరు విప్పాలి. ఎక్కడ ఆగారో అక్కడ పత్రంలో లోపం ఉన్నట్టు. అదే రోజు ఆ పేజీ తిరగరాయించండి. బ్యాకప్‌నుంచి డేటా తిరిగి తెచ్చే పని కూడా ఇలాగే ఒకసారి చేయించండి. బ్యాకప్ తీస్తున్నామని చెప్పే కంపెనీలు చాలా ఉన్నాయి, తిరిగి తెచ్చి చూసినవి తక్కువ.

అది రెండు నెలాఖరులు సాఫీగా జరిగాక కన్సల్టెంటు యూజర్ మూసేసి, పాస్‌వర్డులు మార్చి, చివరి 15 శాతం విడుదల చేయండి. తర్వాత కావాలంటే నెలకు రెండు రోజుల చొప్పున సపోర్టు ఒప్పందం వేరేగా పెట్టుకోండి, వాడిన రోజులకే బిల్లు.

10. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు

కన్సల్టెంటు నచ్చి ఉద్యోగంలోకి తీసుకోవాలనిపిస్తే నిస్సంకోచంగా తీసుకోండి. పాత ఒప్పందాన్ని రాతలో ముగించి, తుది బిల్లు చెల్లించి, హక్కుల బదిలీ పూర్తయిందని సంతకం తీసుకుని, కొత్త తేదీతో అపాయింట్‌మెంటు ఇవ్వండి. పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబరు) ఉంటే దానికే పీఎఫ్ కలపండి. అతని చేతికొచ్చే డబ్బు తగ్గినట్టు అనిపిస్తుంది. అర్హమైన వృత్తుల వాళ్ళు రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపే వెసులుబాటు వాడుకుంటుంటారు, జీతానికి అది లేదు. బేరం మొదలుకాకముందే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

రెండోవైపు మార్పులో మాత్రం జాగ్రత్త. శుక్రవారం రాజీనామా, సోమవారం కన్సల్టెన్సీ ఒప్పందం, కుర్చీ అదే, బాసు అతనే, డబ్బు దాదాపు అంతే. దీనికంటే బలమైన సాక్ష్యం పీఎఫ్ అధికారికి గానీ పన్ను అధికారికి గానీ అక్కర్లేదు. పాత ఉద్యోగి నిజంగానే సొంతంగా పని మొదలుపెడితే, ముందు అతని గ్రాట్యుటీ, లీవు డబ్బు, పీఎఫ్ లెక్క పూర్తిగా తేల్చేయండి. కొత్త వర్క్ ఆర్డరులో పాత పని కాకుండా, ముగింపు తేదీ ఉన్న వేరే పని రాయండి. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, బయోమెట్రిక్ వెనక్కి తీసుకోండి. ఇంకో క్లయింటు అతనికి ఉన్నాడో లేదో అడిగి తెలుసుకోండి, లేకపోతే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకముందు ఆడిటరుకు ఒకసారి చూపించండి.